సూటు గుడ్డ మీరే కొంటున్నారా? కత్తెర పడకముందే చూసుకోండి

రాజమహేంద్రవరం: మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్నకొద్దీ దర్జీ దుకాణాలలో గుడ్డ సంచులు పేరుకుపోతుంటాయి. రిసెప్షన్‌కు వేసుకొనే సూటు కోసం కొందరు తాడితోట వస్త్ర దుకాణాలకు వెళ్లి, తాను విప్పించి, గుడ్డ కోయించుకొని వస్తారు. మరికొందరు నిశ్చితార్థంలో అత్తవారు పెట్టిన సూటు పీసును అట్టపెట్టెతో సహా తెచ్చి బల్ల మీద పెడతారు. కటింగ్ మాస్టారు గుడ్డ విప్పి, టేపు వేసి చూసి, ‘పావు మీటరు తగ్గిందండీ’ అన్నప్పుడు గాని అసలు చిక్కు తెలియదు. దుకాణానికి తిరిగి వెళ్తే ఆ తాను అయిపోయి ఉంటుంది. అదే రంగు మరో తానులో దొరికినా ఛాయ కలవదు. ముహూర్తం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

గుడ్డ సొంతంగా కొని దర్జీకి ఇవ్వడం మన ఊళ్లలో కొత్త సంగతేమీ కాదు. రెడీమేడ్ దుస్తులు విరివిగా రాకముందు అందరూ చేసిన పని అదే. దీనిలో లాభం ఉన్న మాట నిజం. నచ్చిన రంగు, నచ్చిన నాణ్యత ఎంచుకోవచ్చు. దర్జీ తన వద్ద ఉంచుకొన్న గుడ్డపై వేసుకొనే లాభం మిగులుతుంది. అయితే ఈ ఒప్పందంలో పైకి కనిపించని మార్పు ఒకటి ఉన్నది. గుడ్డ, కుట్టు రెండూ దర్జీవే అయినప్పుడు సూటు చెడితే బాధ్యత పూర్తిగా అతనిదే. గుడ్డ మీరు ఇచ్చినప్పుడు అతని బాధ్యత కుట్టు వరకే. గుడ్డ చాలకపోయినా, కుంచించుకుపోయినా, రంగు దిగినా ఆ నష్టం ఇచ్చినవారిదే అవుతుంది. దుకాణదారు కూడా కోసి ఇచ్చిన గుడ్డను తిరిగి తీసుకోడు. ఇటు దర్జీకీ అటు దుకాణదారుకూ నడుమ కొనుగోలుదారు ఒంటరిగా మిగలకుండా ఉండాలంటే చూసుకోవలసినవన్నీ కత్తెర పడకముందే చూసుకోవాలి.

ముందు దర్జీ, తరువాత దుకాణం

చాలామంది చేసే మొదటి పొరపాటు గుడ్డ కొన్న తరువాత దర్జీని వెతకడం. వరుస దీనికి తిరగబడాలి. ముందు దర్జీ వద్దకు వెళ్లి కొలతలు ఇచ్చి, ఏ రకం సూటు కావాలో చెప్పి, ఎంత గుడ్డ పడుతుందో కాగితంపై రాయించుకోవాలి. రెండు గుండీల కోటా, డబుల్ బ్రెస్టా, లోపల వెయిస్టుకోటు ఉన్నదా, లేక బంద్‌గలాయా అన్నదానిని బట్టి గుడ్డ లెక్క మారుతుంది. గుడ్డ బయటి నుంచి తెస్తే కుట్టు కూలి ఎంత, లైనింగు, కాన్వాసు, భుజాల ప్యాడ్లు, గుండీలు ఆ కూలిలోనే కలిసి ఉన్నాయా, విడిగా తీసుకొంటారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవడం మంచిది. ‘అదంతా చూసుకొందాం లెండి’ అనే దర్జీ వద్ద తరువాత చూసుకోవలసింది కొనుగోలుదారే.

ఫలానా దుకాణంలోనే కొనండి అని దర్జీ చెప్పవచ్చు. ఆ సలహా వెనుక కమీషను ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. అంతమాత్రాన కొట్టిపారేయనక్కరలేదు. తాను ఎన్నోసార్లు కత్తిరించిన మిల్లు గుడ్డ ఎలా నడుచుకొంటుందో దర్జీకి తెలిసి ఉంటుంది. అదే గుడ్డ ధరను మరో రెండు దుకాణాలలో విచారిస్తే సంగతి తేలిపోతుంది.

ఎన్ని మీటర్లు?

ప్యాంటు, కోటు గుడ్డలు సాధారణంగా 58 నుంచి 60 అంగుళాల వెడల్పుతో, అంటే సుమారు 150 సెంటీమీటర్ల పన్నాతో వస్తాయి. ఈ పన్నాలో మధ్యస్థ ఎత్తు, మధ్యస్థ దేహం గల పురుషునికి కోటు, ప్యాంటు రెండింటికీ కలిపి 3 నుంచి 3.25 మీటర్లు పడుతుంది. దీనిలో ప్యాంటుకు 1.20 నుంచి 1.30 మీటర్లు పోగా మిగిలినది కోటుకు. వెయిస్టుకోటు కూడా కావాలంటే మరో 60, 70 సెంటీమీటర్లు కలుపుకోవాలి.

లావుగా ఉన్నవారి విషయంలో ఈ లెక్క ఒక్కసారిగా పెరుగుతుంది. దాని కారణం తెలుసుకోదగినది. పన్నాను మధ్యకు మడిస్తే వచ్చే 29 అంగుళాలలో ప్యాంటు ముందుభాగం, వెనుకభాగం పక్కపక్కన ఇమిడిపోతాయి. అందుకే ఒక ప్యాంటు పొడవు గుడ్డతోనే రెండు కాళ్లూ వచ్చేస్తాయి. తుంటి కొలత బాగా పెరిగితే ఆ రెండు భాగాలు పక్కపక్కన పట్టవు. ఒకదానిని కిందికి జరపవలసి వస్తుంది. కొలతలో నాలుగు అంగుళాలు పెరిగితే గుడ్డలో అరమీటరు దాకా పెరగడం ఇందువల్లనే. అలాంటివారు 3.50 మీటర్లకు తక్కువ కొనకపోవడమే క్షేమం. ఆరడుగులు దాటినవారికీ ఇదే వర్తిస్తుంది.

గళ్లు, పెద్ద చారలు ఉన్న గుడ్డకు మరో పావు మీటరు అదనంగా కావాలి. జేబు మూత మీది గడి కోటు మీది గడితో, చేతి మీది గడి రొమ్ము మీది గడితో కలవాలంటే ముక్కలను జరిపి జరిపి కత్తిరించాలి. ఈ క్రమంలో వృథా తప్పదు. మఖమలు వంటి నూగు గుడ్డలలో ముక్కలన్నీ ఒకే దిక్కుగా కోయాలి. ఒక ముక్క తలకిందులైతే అది వేరే రంగుగా మెరుస్తుంది. ఇక చేనేత పట్టుతోనో, ఇకత్ గుడ్డతోనో బంద్‌గలా కుట్టించుకోవాలనుకొనేవారు ముందుగా పన్నా అడగాలి. చేనేత గుడ్డ వెడల్పు మిల్లు గుడ్డకన్నా తక్కువగా ఉంటుంది. 36 అంగుళాల పన్నా అయితే మీటర్ల లెక్క ఇంచుమించు రెట్టింపు అవుతుంది.

గజమా, మీటరా అన్నది మరో మెలిక. పాతకాలపు దర్జీలు కొందరు నేటికీ గజాలలోనే చెబుతారు. గజం 91.44 సెంటీమీటర్లు మాత్రమే. దర్జీ మూడుంపావు మీటర్లు అడిగితే దుకాణంలో మూడుంపావు గజాలు కోస్తే చేతికి వచ్చేది 2.97 మీటర్లే. తగ్గిన 28 సెంటీమీటర్లు కోటు చేతినో, కాలరునో తినేస్తాయి. చట్టప్రకారం దుకాణంలో కొలత మీటర్లలోనే జరగాలి. కొలబద్దపై తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. కొలిచేటప్పుడు గుడ్డను సాగదీసి పట్టకుండా బల్ల మీద పరిచి కొలవమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. సాగే పోగు కలిపిన గుడ్డలలో ఈ తేడా మరింతగా ఉంటుంది.

కొనేటప్పుడు మరో పది, పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ తీసుకొన్నా నష్టం లేదు. వీలైతే అదే తానులో రెండో ప్యాంటుకు కూడా గుడ్డ తీసుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. సూటులో ముందుగా అరిగేది ప్యాంటే. కోటు కొత్తగా ఉండగానే ప్యాంటు మోకాళ్లు, సీటు నిగనిగలాడి పాతబడతాయి. అప్పుడు అతుకు ప్యాంటు దొరకదు.

పేర్లు చూసి మోసపోవద్దు

దుకాణంలో వినిపించే పేర్లలో అత్యధికంగా దుర్వినియోగమయ్యేది ‘సూపర్’ అన్న మాట. సూపర్ 100, సూపర్ 120, సూపర్ 150 అని అంచున నేసి ఉంటుంది. ఈ సంఖ్య గుడ్డ బలానికీ, మన్నికకూ సంబంధించినది కాదు. గొర్రె ఉన్ని పోగు ఎంత సన్ననిదో చెప్పే గుర్తు మాత్రమే. అంతర్జాతీయ ఉన్ని వస్త్ర సంస్థ నియమావళి ప్రకారం సూపర్ 100 అనాలంటే ఉన్ని పోగు సగటు మందం 18.75 మైక్రాన్లకు మించరాదు. సూపర్ 120కి 17.75, సూపర్ 150కి 16.25 మైక్రాన్లు హద్దు. సంఖ్య పెరిగినకొద్దీ పోగు సన్నబడి గుడ్డ మెత్తగా, జారుడుగా ఉంటుంది. ధర పెరుగుతుంది. మన్నిక మాత్రం పెరగదు సరికదా, త్వరగా ముడతలు పడుతుంది, త్వరగా అరుగుతుంది. కుట్టడమూ కష్టమే. మంచి ఆవిరి ఇస్త్రీ, నేర్పరి చేయి లేని చోట సూపర్ 150 గుడ్డ కుట్లవెంట ముడుచుకుపోతుంది. ఏడాదికి నాలుగైదుసార్లు వేసుకొనే సూటుకు సూపర్ 100, 110 సరిపోతుందని చెప్పడంలో సంకోచించనక్కరలేదు.

అసలు సంగతి మరొకటున్నది. ఆ నియమావళి ‘సూపర్’ అన్న మాటను కొత్త ఉన్ని గుడ్డకే పరిమితం చేసింది. పాలిస్టర్ కలిపిన గుడ్డకు ఆ మాట వాడరాదు. అయినా పూర్తి పాలిస్టర్ గుడ్డ అంచున కూడా ‘సూపర్ 120’ అని బంగారు అక్షరాలు మెరుస్తూ ఉండడం బజారులో మామూలే. కనుక అంచు చూసి కాక, మిశ్రమం చూసి కొనాలి. తయారీదారు పేరు, గుడ్డలో ఏ పోగు ఎంత శాతం ఉన్నది అనే వివరాలు తానుపై ముద్రించాలని 1988 నాటి వస్త్ర వినియోగదారుల రక్షణ నిబంధనలు చెబుతున్నాయి. తాను మొదటి మడతను చూపమని అడిగితే చాలు.

మన బజారులో దొరికే సూటు గుడ్డలు స్థూలంగా మూడు తరగతులు. పాలిస్టర్, విస్కోస్ కలిపినవి చవక. రాజస్థాన్‌లోని భిల్వాడా ఈ రకానికి పేరుపడిన కేంద్రం. పాలిస్టర్, ఉన్ని కలిపిన టెర్రీవూల్ మధ్యరకం. ముడతలు తక్కువ, మన్నిక ఎక్కువ. మూడవది పూర్తి ఉన్ని. 1925లో థానేలో ఉన్ని మిల్లుగా మొదలైన రేమండ్ పేరు మన ప్రాంతంలో సూటు గుడ్డకు పర్యాయపదమైపోయింది గాని, ఆ సంస్థ గుడ్డలన్నీ పూర్తి ఉన్నివి కావు. ఏ పెద్ద మిల్లు తీసుకొన్నా మూడు తరగతులూ నేస్తుంది. కనుక మిల్లు పేరు అడిగి ఊరుకోకుండా శాతాలు అడగాలి. పూర్తి ఉన్ని గుర్తింపునకు 1964 నుంచి వాడుకలో ఉన్న వూల్‌మార్క్ ముద్ర ఒక ఆధారం.

అనుమానం ఉంటే అంచు నుంచి రెండు పోగులు లాగి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో కాల్చి చూడవచ్చు. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. మంట తీయగానే ఆరిపోతుంది. మిగిలిన మసిని నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి, నల్లని పొగ వదిలి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. విస్కోస్, నూలు కాగితంలా మండి బూడిద అవుతాయి. మిశ్రమ గుడ్డలో ఈ లక్షణాలు కలగలిసి కనిపిస్తాయి కాబట్టి శాతాలు దీనితో తేలవు. పూర్తి ఉన్ని అని చెప్పి పాలిస్టర్ అంటగడుతున్నారా అన్నది మాత్రం తేలిపోతుంది.

మన ఎండలకు ఏది?

ఉన్ని అనగానే చలిదేశాల గుడ్డ అన్న అపోహ గోదావరి జిల్లాలలో బలంగా ఉన్నది. వాస్తవానికి పలుచగా, సాదా నేతతో నేసిన ఉన్ని గుడ్డలో గాలి ఆడుతుంది. చెమటను పీల్చుకొంటుంది. చవకగా వచ్చిందని కొన్న పాలిస్టర్ సూటులోనే వైశాఖమాసపు పెళ్లిలో ఉక్కపోస్తుంది. చూడవలసింది బరువు. చదరపు మీటరుకు 210 నుంచి 250 గ్రాముల గుడ్డ మన వాతావరణానికి తగినది. 300 గ్రాములు దాటితే ఉత్తరాది చలికి తప్ప పనికిరాదు. లినెన్ చల్లగా ఉంటుంది గాని కారులో కూర్చొని మండపానికి చేరేలోగా ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఇష్టపడేవారు తీసుకోవచ్చు.

గుడ్డను పిడికిట్లో గట్టిగా నలిపి పది క్షణాలు ఉంచి వదలాలి. ముడత దానంతట అది విచ్చుకొంటే మంచి గుడ్డ. రంగును ట్యూబులైటు కింద కాక, దుకాణం గుమ్మం వద్దకు తెచ్చి పగటి వెలుగులో చూడాలి. లోపల నలుపు అనుకొన్నది బయట ముదురు నీలం కావడం అందరికీ అనుభవమే. ఆ తరువాత గుడ్డను వెలుగుకు అడ్డంగా పట్టి తెగిన పోగులు, ముడులు, చిల్లులు ఉన్నాయేమో నిలువునా చూడాలి. దుకాణం బల్ల దాటిన తరువాత కనిపించిన లోపానికి విలువ లేదు.

పెట్టెలో వచ్చిన పీసు

పెళ్లిళ్లలో, గృహప్రవేశాలలో బట్టలు పెట్టడం మన ఆచారం. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు సూటు పీసులు తెచ్చివ్వడమూ ఉన్నది. అలా వచ్చిన గుడ్డ ఏళ్లతరబడి బీరువాలో ఉండి, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడు బయటకు వస్తుంది. దీనితో వచ్చే చిక్కులు వేరు. పెట్టె మీద 3 మీటర్లని ఉన్నా కొలిచి చూసేవారు అరుదు. మామగారు ప్రేమగా పెట్టిన పీసు అల్లుడి ఎత్తుకు చాలకపోతే ఎవరినీ ఏమీ అనలేని స్థితి. మడతల వద్ద రంగు వెలిసి ఉండవచ్చు. లేత రంగు గుడ్డలకు మడత వెంట పసుపుచార పడి ఉంటుంది. అది ఇస్త్రీకి పోదు. ఉన్ని గుడ్డయితే పురుగు కొట్టిన చిన్న చిల్లులు ఉంటాయి. అలాంటి గుడ్డను వాడదలచినవారు నెలరోజుల ముందే విప్పి, పగటి వెలుగులో చూసి, దర్జీకి చూపాలి. సూటుకు చాలకపోతే కోటుగా కుట్టించుకొని ప్యాంటును విడి రంగులో తీసుకొనే దారి ఉన్నది. నీలం కోటుకు బూడిదరంగు ప్యాంటు ఎవరికీ వెలితిగా కనిపించదు.

కత్తిరించే ముందు గుడ్డకు ఆవిరి పట్టించడం తప్పనిసరి. ఉన్ని గుడ్డను బకెట్లో నానబెట్టరాదు. ఇంట్లో పరీక్షించాలంటే మూలన 10 సెంటీమీటర్ల చదరం సుద్దతో గీసి, తడిగుడ్డ కప్పి ఇస్త్రీ చేసి, ఆరాక మళ్లీ కొలవాలి. చదరం తగ్గితే మొత్తం గుడ్డ కూడా ఆ దామాషాలో తగ్గుతుంది. లైనింగు విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పైగుడ్డ నిలిచి లైనింగు కుంచించుకొంటే కోటు అడుగు అంచు లోపలికి లాక్కుపోతుంది.

లోపల పడేది ఎవరికీ కనిపించదు

గుడ్డ ఎంత ఖరీదైనదైనా కోటు రొమ్ము భాగం నిలబడేది లోపలి కాన్వాసు వల్ల. మన ఊళ్లలో ఎక్కువగా వాడేది జిగురు పూసిన గుడ్డను వేడితో అంటించే పద్ధతి. దర్జీల మాటలో పేస్టింగ్. అది చవక, త్వరగా అవుతుంది. సరైన వేడి, ఒత్తిడి లేకుండా అంటిస్తే కొన్ని డ్రైక్లీనింగులకే రొమ్ము మీద బుడగలు లేస్తాయి. అప్పుడు బాగుచేయడం దాదాపు అసాధ్యం. చేతికుట్టుతో కాన్వాసు వేసే దర్జీలు తగ్గిపోయారు. వేసేవారు ఎక్కువ కూలి అడుగుతారు, ఎక్కువ రోజులు తీసుకొంటారు. మీటరు గుడ్డకు వేలు పోసి, లోపల నాసిరకం పేస్టింగ్ వేయించడం కన్నా, గుడ్డలో ఒక మెట్టు దిగి ఆ డబ్బు కుట్టు మీద పెట్టడం తెలివైన పని. పక్క కుట్లలో, ప్యాంటు వెనుక నడుము వద్ద అంగుళం, అంగుళంన్నర గుడ్డ లోపల వదలమని చెప్పడం మరవరాదు. పెళ్లయిన రెండేళ్లకు దాని అవసరం చాలామందికి కలుగుతుంది.

గుడ్డ ఇచ్చేటప్పుడు రశీదుపై గుడ్డ రకం, రంగు, ఎన్ని మీటర్లు ఇచ్చారు, ఏమేమి కుట్టాలి, ట్రయల్ ఎప్పుడు, ఇచ్చే తేదీ ఎప్పుడు అన్నవి రాయించుకోవాలి. చాలా దుకాణాలలో గుడ్డ మూల నుంచి చిన్న ముక్క కోసి రశీదుకు పిన్ను చేసే అలవాటు ఉన్నది. ఆ ముక్క రెండు ప్రతులకూ ఉండేలా చూసుకోవాలి. సీజనులో ఒకే రంగు గుడ్డలు పది వచ్చి పడినప్పుడు మారిపోకుండా కాపాడేది అదే. కనీసం ఒక ట్రయల్ లేకుండా సూటు తీసుకోరాదు. ముహూర్తానికి మూడు వారాల లోపు మాత్రమే ఉన్నవారు గుడ్డ కొని కుట్టించే ఆలోచన మానుకొని రెడీమేడ్ సూటుకు సవరణలు చేయించుకోవడం మేలు.

చెడగొడితే?

అంత జాగ్రత్త పడినా కత్తెర తప్పవచ్చు, ఇస్త్రీపెట్టె కాల్చవచ్చు, ఇచ్చిన తేదీ దాటిపోవచ్చు. కుట్టు అనేది డబ్బు తీసుకొని అందించే సేవ. దానిలో లోపం ఉంటే 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. లోపం జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకొనే వెసులుబాటు కూడా ఈ చట్టంలో ఉన్నది. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయవచ్చు. అయితే గుడ్డ కొన్న బిల్లు, దర్జీ రశీదు రెండూ ఉంటేనే గుడ్డ విలువనూ, కుట్టు కూలినీ కలిపి అడగడానికి బలం ఉంటుంది. బిల్లు వద్దంటే నాలుగు రూపాయలు తగ్గిస్తామన్న దుకాణదారు మాటకు లొంగినవారు ఇక్కడ చేతులు ముడుచుకోవలసి వస్తుంది.

సూటు తీసుకొనేటప్పుడు మిగిలిన ముక్కలను అడిగి తీసుకోవాలి. పనికిరానివిగా కనిపించినా అవి ఉపయోగపడతాయి. ఎక్కడైనా మేకు తగిలి కోటు చిరిగితే రఫూ చేసేవారు అదే గుడ్డ పోగులు అడుగుతారు. వాటిని గుడ్డ బిల్లుతో పాటు కవరులో వేసి, కోటు తగిలించిన బీరువాలోనే ఉంచుకొంటే వెతుక్కోనవసరం ఉండదు.